అరువుకెళ్ళొచ్చిన పిల్లి

పోయిన నెల మా మేనత్త ఇంట్లో మునిమనవడి పుట్టినరోజు కూటానికి వెళ్ళాను. ప్రార్థన అయింది, కేకు కోశారు, వరసగా కూర్చోబెట్టి బిరియానీ వడ్డించారు. అప్పుడు మా అత్త, ఎప్పటిలాగే, ఇంటికి కొత్తగా వచ్చిన కోడలి వైపు తిరిగి నన్ను వేలితో చూపించింది.

"ఈవిడెవులో ఎరుగుదువేటి? పిల్లులికి పార్థన సెయ్యమని గుడిలో లెగిసి నిలబడ్డ గుంట ఈవిడే."

అందరూ నవ్వారు. ఆ కొత్త కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నా తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి, నా కూతురు కాలేజీ చదువుతోంది, అయినా ఆడపిల్లని గుంట అనే మా వాళ్ళలో నా పేరు ఇప్పటికీ పిల్లుల గుంటే. ప్రతి పెళ్ళిలో, ప్రతి సమాధి కూటంలో ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు, ఎత్తిన ప్రతివాళ్ళూ తప్పుగానే చెబుతారు. నేను మాటలు మరిచిపోయే మనిషిని కాను. నాలుగో తరగతిలో నా పలక మీద ఉమ్మేసిన పిల్ల ఎవరో ఈరోజుకీ చెప్పగలను. అందుకని ఆ కథ తప్పుగా చెప్పిన వాళ్ళందరూ నాకు గుర్తున్నారు.

కానీ ఈసారి ఆ నవ్వులు అణగకముందే మా అత్త ఇంకొక మాట అంది. అంతవరకూ ఎన్నడూ అనని మాట. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట ఏమిటో చెప్పాలంటే ముందు జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మాది ఉద్దానంలో సముద్రం హోరు వినపడే ఊరు. ఇసక నేల, కొబ్బరి తోటలు, వాటిని ఆనుకుని జీడి తోటలు. ఎండలు ముదిరేసరికి ఊరంతా ఒకటే వాసన వేసేది. ఒకపక్క చెట్ల కింద రాలి మాగిన జీడిపళ్ళ పులిసిన తీపి వాసన, ఇంకోపక్క జీడిపిక్కలు కాల్చే పొగ. ఆ పొగ గొంతులో దిగితే కారం మింగినట్టు ఉండేది. పెద్ద ఫ్యాక్టరీలు పలాసలో ఉన్నా మా నాన్న పెరట్లో చిన్న పాక వేసుకుని సొంతంగా కొంత కాల్చేవాడు. అమ్మ, నానమ్మ చేతులకి బూడిద రాసుకుని పిక్కలు కొట్టేవారు. మధ్యాహ్నాలు అందరం చాప మీద కూర్చుని పప్పుకి పొట్టు తీసేవాళ్ళం. నేను ముక్కపప్పు బుగ్గలో దాచుకునేదాన్ని. నానమ్మ పని ఆపకుండానే, "ఏటే, పన్ను వాసిందా?" అని బుగ్గ మీద పొడిచేది.

పిక్క పెంకులో ఉండే నూనెని మేము జీడి అంటాం. అది ఒంటికి తగిలితే కాలి, పొక్కి, తరవాత నల్లగా మచ్చ పడుతుంది. మా ఊళ్ళో మచ్చలేని చెయ్యి లేదు. నోరు పొక్కినా, కళ్ళు ఎర్రబడినా, చంటిపిల్లకి ఒళ్ళు పేలినా ముందు అనే మాట, "జీడి తగిలుంతాది." జీడికి మందు మా నానమ్మ దగ్గర ఉండేది. కొబ్బరినూనెలో ఏవో ఆకులు వేసి మరిగించి పెద్ద కొబ్బరి చిప్పలో పోసి ఉంచేది. అందులో పాత చీర పీలిక ఒకటి నానుతూ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొక్కిన చేతులు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. ఆమె ఆ పీలికతో అద్దుతూ వాళ్ళని తిట్టేది, వాళ్ళు తిట్లు తిని హాయిగా ఇంటికి వెళ్ళేవారు. ఇంట్లో ఆమె మాటకి తిరుగులేదు. నా మాటకి విలువా లేదు.

మాకు నాలుగు పిల్లులు ఉండేవి. పసుపురంగు తల్లిపిల్లి, దాని పిల్లలు మూడు. ఒకటి చారలది, ఒకటి నల్లది, ఒకటి తలుపు సందులో పడి తోక తెగిపోయినది. పప్పు ఉన్న ఇంటికి ఎలకలు తప్పవు, ఎలకలున్న ఇంటికి పిల్లి తప్పదు. అందుకే మా వైపు జీడి రోజుల్లో పిల్లిని అరువు తెచ్చుకోవడం ఉండేది. దారి గుర్తుపట్టి తిరిగి రాకుండా గోనెసంచిలో వేసి, ఊరి మొదట్లో సంచిని గిర్రున తిప్పి తీసుకెళ్ళేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఒట్టి చేతులతో ఇవ్వకుండా గుప్పెడు ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు, పట్టుకొచ్చేవారు. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. పిల్లి చచ్చిన ఇంటికి ఆ ఏడాది పిల్లిని ఇవ్వకూడదు. ఎందుకని అడిగితే నానమ్మ, "మా అత్త సెప్పింది, నాను సెప్తన్నాను, నువ్వూ సెప్పు" అనేది. అంతే.

ఆ ఏడు మా అత్త వచ్చింది. నానమ్మకి ఒక్కగానొక్క కూతురు, పక్క ఊళ్ళోనే కాపురం. వస్తూనే గోనెసంచి చంకలో పెట్టుకుని వచ్చింది.

"కోడలా, నీ సారల పిల్లినియ్యే. బత్తాలన్నీ ఎలకలు కొరికేత్తన్నాయి."

"మీకు తెల్లపిల్లి ఉంది కదత్తా?" అన్నాను.

"ఆ దొంగముండ ఎవులింట్లోనో పాలు మరిగింది. ఇంటి మొకం సూడ్డం నేదు."

నానమ్మ చేటలో పప్పు చెరుగుతూ తలెత్తింది. "బాగానే ఉందా అది? నిజం సెప్పు."

"నాకన్నా బాగుందే అమ్మా. నిన్న కూడా గోడ మీద కనబడింది."

నేను ఇవ్వనన్నాను. చారలది నా పక్కలో పడుకునేది. అత్త నా చెంప మీద తట్టి, "నీ పెల్లికి దాన్ని సారెగా తెత్తాను లేయే" అని అందరినీ నవ్వించి, నేను ఏడుస్తుండగానే దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళింది. నా పిల్లిని నన్ను అడిగి, నేను కాదంటే నవ్వేసి తీసుకుపోవడం. అది మొదటిది. నేను లెక్క మరచిపోలేదు.

జీడి రోజులు ముగియకుండానే పిల్లిని తెచ్చి ఇచ్చేసింది. "సుకం నేదే దీంతో, రోజల్లా నిద్దరే" అంటూ అరుగు మీద వదిలి, నెత్తళ్ళు అమ్మ చేతిలో పోసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళింది. నేను ఒక నెత్తలి తీసి చారలదాని ముందు పెట్టాను. అది చూసింది. వాసన కూడా చూడకుండా మొహం తిప్పుకుంది. నెత్తలికి మొహం తిప్పుకునే పిల్లిని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. మూతి నుంచి జొల్లు దారంలా కారుతోంది. నోరు తెరిపించి చూసి దాన్ని వదిలేశాను. నాలుక మీద తోలు ఊడిపోయి, అక్కడక్కడ గుంటలు పడి, పచ్చిమాంసంలా ఎర్రగా ఉంది. ఆ రోజు అన్నం తినలేకపోయాను.

నానమ్మ వచ్చి చూసింది. "జీడి పెంకు నాకింది. మీ అత్త ఇంట్లో ఎక్కడివక్కడ పారేత్తారు" అని చిప్ప తెచ్చి పీలికతో నోరంతా తుడిచింది.

"జీడి కాదు నానమ్మా," అన్నాను. "జీడి తగిలితే మూతి నల్లబడాలి కదా. దీని మూతి చూడు, పాదాలు చూడు. ఎక్కడా నలుపు లేదు. తుమ్ముతోంది కూడా."

"పొగకి తుమ్ముతాది. నువ్వు పుట్టకముందు నుంచీ నాను జీడి సూత్తన్నాను. ఎల్లి సదూకో."

నాన్న కూడా, "దీనికి నోరెక్కువైపోనాది" అన్నాడు. నేను మూడుసార్లు చెప్పాను. మూడోసారికి అమ్మ మొట్టికాయ వేసింది. ఆ మొట్టికాయ కూడా ఆ లెక్కలో చేరుతుంది.

తరవాత నల్లదానికి జొల్లు మొదలైంది. నానమ్మ నాన్నని తిట్టింది, పాకలో పెంకులు ఊడ్పించింది, అదే చిప్ప తెచ్చి అదే పీలికతో తుడిచింది. తరవాత తోక తెగినది. ఆఖరికి తల్లిపిల్లి కూడా తుమ్మింది. నేను పుట్టిన ఏడాదే అది మా ఇంటికి వచ్చిందట. ఉయ్యాల కింద పడుకునేదట. అది లేని ఇల్లు నేను ఎరగను. నాలుగూ వంటింటి మూల ఒకే గోనె మీద ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. వాటి ముందు ఒకటే గిన్నె. ముందే జబ్బుపడ్డవి మూతిపెట్టి వదిలేసిన పాలని, తరవాతవి కాస్త నాకేవి.

ఆదివారం గుడిలో వాక్యం అయ్యాక పాస్టరు అయ్యగారు, "ప్రార్థన మనవులు ఉన్నవారు నిలబడి చెప్పండి" అన్నారు. ఒకాయన మోకాళ్ళ నొప్పులన్నాడు. ఒకావిడ కొడుకు వేటకి వెళ్ళాడంది. నేను లేచి నిలబడ్డాను. అమ్మ నా గౌను పట్టి లాగింది, లాగినా కూర్చోలేదు.

"మా ఇంట్లో నాలుగు పిల్లులకి బాగోలేదండి. నోరు పుళ్ళు పడిపోయి ఏమీ తినటం లేదండి. వాటి కోసం ప్రార్థన చెయ్యండి."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నవ్వు బయలుదేరింది. ఆ రోజు మా అత్త కూడా మా గుడికే వచ్చింది. మొదట నవ్వింది ఆమే. ఆ గొంతు నాకు తెలుసు. ఆ తరవాత గుడంతా నవ్వింది. మోకాళ్ళ నొప్పులాయన కూడా నవ్వాడు. అయ్యగారు పెదవి బిగబట్టి, "జీవాల సంగతి ఇంటిదగ్గర చేసుకోమ్మా, కూర్చో" అన్నారు. బయటికి వచ్చాక అత్త అందరూ వినేట్టు, "జీడి సెయ్యి కడుక్కోకుండా పిల్లుల్ని పిసుకుతాదండీ మా కోడలు. దానికి దేవుడేటి సేత్తాడు?" అంది. చారలది ఎవరింటి నుంచి జబ్బుతో వచ్చిందో ఆమే ఆ మాట అంది.

ఇంటికి వచ్చేసరికి చారలది చచ్చిపోయి ఉంది. మిగతావి దాని పక్కనే పడుకుని ఉన్నాయి.

ఆ రాత్రి నేను అన్నం మానేశాను. పొద్దున్నా మానేశాను. మా ఇంట్లో నా మాట నెగ్గే దారి అదొక్కటే. నాన్న విసుక్కుంటూనే, పప్పు వేసుకుని పలాస వెళ్ళే ఆటోలో నన్ను ఎక్కించుకున్నాడు. జీడిపప్పు నింపే రేకు డబ్బా ఒకటి ఖాళీ చేసి, మూతకి మేకుతో చిల్లులు పొడిచి, అందులో నల్లదాన్ని పెట్టాం. దారంతా డబ్బాలో నుంచి శబ్దం లేదు. నేను చిల్లుకి చెవి ఆనించి ఊపిరి వింటూ వెళ్ళాను.

పశువుల ఆసుపత్రిలో ముందు ఒక ఎద్దు, ఒక ఆవు, మేకలు. మా వంతు వచ్చి డబ్బా మూత తీయగానే సూదులు వేసే అతను, "పప్పు తెచ్చారనుకున్నానే" అని నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. పిల్లి నోరు తెరిచి చూశాడు, కళ్ళు చూశాడు.

"ఇంట్లో ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయండి," అన్నాడు నాన్న. "జీడి తగిలిందండి. ఒకదాని తరవాత ఒకటి."

"జీడి ఏమిటయ్యా? ఇది పిల్లులకొచ్చే అంటురోగం. జొల్లు ద్వారా అంటుకుంటుంది. ఒకే గిన్నెలో పెడుతున్నారా?"

నాన్న నావైపు చూశాడు. నేనే చెప్పాను. "ఒకే గిన్నెండి. ఒకే గోనె. మా నానమ్మ నూనె గుడ్డతో అన్నిటి నోళ్ళూ తుడుస్తుందండి. అదే గుడ్డతో."

"అదే గుడ్డతోనా!" అన్నాడు డాక్టరు. నాన్న మొహంలో రక్తం దిగిపోవడం కళ్ళారా చూశాను. నా మాటే నిజమైందని గెంతాల్సిన పిల్లని, డబ్బా అంచు పట్టుకుని నిలబడ్డాను. ఊరందరి పొక్కులు మాన్పిన ఆ గుడ్డే మా పిల్లుల నోళ్ళలోకి రోగం మోసింది.

విడివిడిగా ఉంచమన్నాడు. నోటి పుళ్ళకి మందు, అవి చీము పట్టకుండా ఇంకో మందు ఇచ్చాడు. ముక్కు మూసుకుపోతే వాసన తెలియక తినవనీ, గట్టి వాసన ఉన్నదేదైనా వేడిగా పెట్టమనీ, ఒకదాన్ని ముట్టుకున్న చెయ్యి కడగకుండా ఇంకోదాన్ని ముట్టుకోవద్దనీ చెప్పాడు.

తిరిగి వస్తూ ఆటోలో నాన్న ఒకటే మాట అన్నాడు. "ఈ సంగతి ఇల్లు దాటి బయటికి పోకూడదు. ముసల్దాని పరువు పోతాది."

నానమ్మ అంతా విని, చిప్పలో పీలిక తీసి పొయ్యిలో పడేసింది. నూనె గుడ్డ కదా, భగ్గున మండింది. ఆమె ఆ మంట ఆరేదాకా అక్కడే కూర్చుంది. నేను ఎన్నో మాటలు దాచుకుని వచ్చాను, అన్నీ ఆమె మొహాన అనాలని. ఒక్కటీ రాలేదు.

మర్నాటి నుంచి ఇల్లు మారిపోయింది. నల్లదాన్ని కాల్చే పాకలో, తోక తెగినదాన్ని కట్టెల కొట్టంలో, తల్లిపిల్లిని నా మంచం కింద పెట్టాం. దేని చిప్ప దానిదే. నేను చోడి జావ, అంటే రాగి జావ, పల్చగా కాచి, పెన్నులో సిరా పోసే ఫిల్లర్‌తో నోటి పక్క నుంచి చుక్క చుక్క వేసేదాన్ని. చుక్క పడగానే మంటకి అవి తల విదిలించేవి, నా మొహం మీద జావే, జొల్లే. సున్నం నీళ్ళలో చెయ్యి కడుక్కోవడం, ఇంకోదాని దగ్గరికి వెళ్ళడం, మళ్ళీ కడుక్కోవడం. నా చేతులు ఆ నీళ్ళకి తెల్లగా నానిపోయాయి.

నానమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నెత్తళ్ళు కాల్చేది. ఆ వాసనకి వీధిలో వాళ్ళు, "ఏటర్రా, పొద్దున్నే సారా తాగుతున్నారేటి మీ ఇంట్లో?" అని నవ్వేవారు. కాల్చిన చేపని రోట్లో నూరి, వేడినీళ్ళు కలిపి, నా చేతికిచ్చి తాను దూరంగా జరిగేది. పిల్లిని ముట్టేది కాదు.

"నువ్వూ రా నానమ్మా, తల పట్టుకో," అంటే, "వొద్దు, నా సేతులు మంచివి కావు" అనేది.

నల్లది దక్కలేదు. తోక తెగినది ఒక సాయంత్రం తనంతట తానే లేచి నీళ్ళు తాగింది. తల్లిపిల్లి మాత్రం రోజురోజుకీ బరువు తగ్గి, ఎత్తితే ఎండుటాకులా ఉండేది. కళ్ళు పుసి కట్టి మూసుకుపోయేవి. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో తుడిచి తెరిపించేదాన్ని. కాల్చిన నెత్తలి ముక్కు దగ్గర పెట్టేదాన్ని. పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. ఈలోగా ఎలకలు తెగబడి పప్పు బస్తా కొరికాయి. అమ్మ దుఃఖం పట్టలేక, "చచ్చేదాని కోసం ఇంత సేవా!" అంది. అది కూడా గుర్తుంది.

ఒకరోజు పొద్దున్నే నెత్తలి ముక్కు దగ్గర పెడితే దాని ముక్కుపుటాలు కదిలాయి. నాలుక బయటికి వచ్చింది. చేపని కాదు, నా వేలిని నాకింది. నాలుక గరుకుగా తగిలింది. తోలు తిరిగి వచ్చింది. నేను అరిచిన అరుపుకి నానమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని చూసింది. లోపలికి మాత్రం రాలేదు.

తల్లిపిల్లి చాలా ఏళ్ళు బతికింది. నానమ్మ మాత్రం ఆ రోజుల తరవాత ఇంకెవరికీ నూనె అద్దలేదు. పొక్కిన చేతులతో మనుషులు వచ్చేవారు. "నాకు సూపానటం నేదు, ఎలిపోండి" అనేది. చూపు బాగానే ఉండేది. పప్పులో పుచ్చుముక్క దూరం నుంచే పట్టేది. ఆకులేవో ఎవరికీ చెప్పకుండానే పోయింది. చివరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా తల్లిపిల్లి దగ్గరికొస్తే చేతులు దుప్పట్లోకి లాక్కునేది.

ఇప్పుడు మా అత్త అన్న మాట.

పోయిన నెల, ఆ బిరియానీ ముందు, అందరూ నవ్వుతుండగా ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోయింది. "నిజానికి మా తెల్లపిల్లీ అలగే సచ్చిందర్రా. నోరంతా పుళ్ళు, జొల్లు. గోనెలో సుట్టి తీసికెల్లి తోటలో కప్పెట్టీసి, అదే గోనె దులుపుకుని దీని పిల్లికోసం ఎల్లాను. ఇంట్లో ఇంకో గోనె ఉంటేనా? పిల్లి సచ్చిందంటే మా అమ్మ ఇవ్వదు కదా, గోడ మీద కనబడిందని సెప్పీసాను!"

మళ్ళీ నవ్వులు. నా చుట్టూ గిన్నెల చప్పుడు, పిల్లల గోల, ఫ్యాన్ గాలి. నేను మాత్రం పొయ్యిలో భగ్గున మండిన పీలికని చూస్తున్నాను.

"ఏటే కోడలా, అలగ సూత్తన్నావు?" అంది అత్త.

"మీ అమ్మ నూనె రాయడం ఎందుకు మానేసిందో తెలుసా అత్తా?"

"ముసల్దైపోనాది కదే, సూపానక."

నేను చెప్పాను. డాక్టరు మాట చెప్పాను, గుడ్డ సంగతి చెప్పాను, నాన్న బయటికి పోనివ్వని మాట చెప్పాను. నా సేతులు మంచివి కావన్నదని చెప్పాను. దాచుకున్నవన్నీ ఒక్కటి వదలకుండా, అందరి ముందూ, పుట్టినరోజు కూటంలో చెప్పేశాను. చెబుతుండగానే ఆమె మొహం నుంచి నవ్వు ఊడిపోయింది.

"నాకెవులు సెప్పారే?" అంది మెల్లగా. "జీడి అనుకున్నాను గదా నాను కూడా. అంటుకుంతాదని నాకెవులు సెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. అది నిజం. మా ఇంట్లో పరువు కోసం నోళ్ళు కట్టేసుకున్నాం. ఆమె పిల్లి కోసం అబద్ధమాడి, ఆ గోనెతోనే మా పిల్లికి రోగం అంటించింది. మధ్యలో నానమ్మ ఒక్కతే ఆ పాపమంతా తనదే అనుకుని అన్నేళ్ళు చేతులు దాచుకుని బతికింది.

అత్త ఎంగిలి చెయ్యి విస్తరి మీదే ఉంది. తన అరచేతిలోకి చూసుకుంది. చేతి నిండా పాత జీడి మచ్చలు.

"అయితే అమ్మ సేతులు మంచివేనన్నమాట," అంది.

"అవునత్తా."

"మరి అమ్మకిప్పుడెవులు సెప్తారే?"

నన్నే అడిగింది. ఏ మాటకైనా జవాబు దాచి ఉంచుకునే నన్నే. కొత్త కోడలు బిరియానీ గిన్నె పట్టుకుని మా ముందు నిలబడిపోయింది. ఎవరూ నవ్వలేదు.